ఫ్యాను కట్టేసి కూర్చున్న మధ్యాహ్నాలు

హైదరాబాదులో మే నెల మధ్యాహ్నం ఫ్యాను కట్టేసుకుని కూర్చోవడమంటే ఏమిటో మా పిల్లలిద్దరికీ చిన్నప్పుడే తెలిసిపోయింది. భోజనాల బల్ల మీద పాత దినపత్రిక పరిచి, దాని మీద మైక్రోస్కోపులో తీసిన కణాల ఫొటో కాగితాలు పెట్టుకుని, కణంలో జన్యువులను మోసే పోగుల్లాంటి క్రోమోజోములను చిన్న కత్తెరతో ఒక్కొక్కటిగా అంచు వెంబడి కత్తిరించి, పొడవు చొప్పున వరుస పేర్చేదాన్ని. కొన్ని ముక్కలు చిటికెన వేలి గోరంత కూడా ఉండేవి కావు. ఫ్యాను ఒక్క చుట్టు తిరిగిందంటే 46 ముక్కలూ గది నాలుగు మూలలకూ ఎగిరిపోయేవి. ఒకసారి అలాగే ఒక ముక్క ఫ్రిజ్ కిందికి పోతే, అది దొరికేదాకా ఇంటిల్లిపాదీ టార్చిలైటు పట్టుకుని నేల మీద పాకుతూ వెతికాం. అది ఒక మనిషి ఎముక మజ్జలోంచి వచ్చిన ముక్క, ఆ మనిషి రిపోర్టు దాని మీద ఆధారపడి ఉంది కాబట్టి పారేసి మరొకటి కత్తిరించుకుందామన్న ఆలోచన మాకెవరికీ రాలేదు.

నేను ఉస్మానియాలో జన్యుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, పెళ్లి, ఇద్దరు పిల్లల తర్వాత 32 ఏళ్ల వయసులో, 1987లో, నగరంలోని ఒక క్రోమోజోముల పరీక్షాశాలలో చేరాను. అంతకు ముందు మరో చోట ఉద్యోగానికి వెళితే, నా కాగితాలు చూసిన పెద్దమనిషి ఎంతో మర్యాదగానే, "ఇది నిలకడగా చేయవలసిన పని అమ్మా, చంటిపిల్లల తల్లులకు కుదరదు" అని చెప్పి పంపించారు. ఆ మాట చాలాకాలం ముల్లులా గుచ్చుకుంటూనే ఉండేది. కొత్తగా చేరిన చోట మా పెద్ద మేడమ్ మాత్రం నన్ను రోజుకు నాలుగు గంటలు రమ్మన్నారు, కత్తిరించే పని ఇంటికి తీసుకువెళ్లనిచ్చారు. చేరిన నెల రోజులకు ఒక జిరాక్సు కాగితాల కట్ట నా చేతిలో పెట్టి, "ఇది చదువు. ఈవిడ కూడా నీలాగే భోజనాల బల్ల మీద కత్తిరించుకున్నావిడే" అన్నారు. అది 1973లో నేచర్ పత్రికలో వచ్చిన వ్యాసం. రాసినావిడ షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జానెట్ రౌలీ. ఒక్కరే రాశారు, పక్కన మరో పేరు లేదు.

ఆవిడ గురించి ఆ తర్వాత పాతికేళ్ల పాటు దొరికింది దొరికినట్టు చదువుతూ వచ్చాను. ఒక్కసారి కూడా కలుసుకోలేదు, ఉత్తరం రాసే ధైర్యమూ చేయలేదు. అయినా, మా వృత్తిలోకి నన్ను చేయి పట్టుకుని తీసుకువచ్చిన మేడమ్‌ తర్వాత నేను అంతటి గౌరవంతో తలచుకునే మనిషి ఆవిడే.

జానెట్ 1925 ఏప్రిల్ 5న న్యూయార్కులో పుట్టారు. తల్లిదండ్రులకు ఒక్కతే బిడ్డ. పసితనంలోనే కుటుంబం షికాగోకు తరలింది, తర్వాత ఆవిడ జీవితం దాదాపు అంతా ఆ ఊరితోనే ముడిపడిపోయింది. పదిహేనో ఏట, 1940లో, ఉపకారవేతనంతో షికాగో విశ్వవిద్యాలయం వారి ప్రత్యేక కోర్సులో చేరారు. 19 ఏళ్లు వచ్చేసరికి వైద్యవిద్యకు అర్హత సంపాదించారు. కానీ ఆ ఏడాది తరగతిలో ఉన్న 65 సీట్లలో ఆడపిల్లలకు ఉంచినవి మూడే, ఆ మూడూ అప్పటికే నిండిపోయాయి. అందుకని తొమ్మిది నెలలు ఆగి మరుసటి ఏడాది చేరవలసి వచ్చింది. 65లో మూడు అన్న లెక్క చదివినప్పుడు, మర్యాదగా నన్ను వెనక్కి పంపిన ఆ పెద్దమనిషి గుర్తుకొచ్చారు. ఆవిడ మాత్రం ఈ సంగతిని పెద్దగా పట్టించుకున్నట్టు ఎక్కడా కనిపించదు. 1948లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు, ఆ మరునాడే సహవిద్యార్థి డొనాల్డ్ రౌలీని పెళ్లి చేసుకున్నారు.

తర్వాతి 20 ఏళ్లనూ ఆవిడ జీవిత చరిత్ర రాసేవాళ్లు రెండు వాక్యాల్లో దాటేస్తారు. నాకు మాత్రం అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది. నలుగురు మగపిల్లలు పుట్టారు. వాళ్లను పెంచుతూ వారానికి కొద్ది రోజులే బయటి పని పెట్టుకున్నారు. మేరీల్యాండ్‌లో కొంతకాలం తల్లులకూ పసిపిల్లలకూ నడిపే ఆరోగ్య కేంద్రాల్లో పనిచేశారు, షికాగోకు తిరిగి వచ్చాక బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలను చూసే క్లినిక్‌లో చేరారు. పేరు తెచ్చే పరిశోధన ఏదీ చేయకుండా, తన తోటివాళ్లు ఒక్కొక్కరే ప్రొఫెసర్లు అవుతున్న కాలంలో, ఆవిడ పిల్లలకు వైద్యం చేసి మధ్యాహ్నానికి ఇంటికి చేరేవారు. పరిశోధన వైపు తిరిగిన మలుపు కూడా ఆ క్లినిక్ వల్లనే వచ్చింది. మనిషి కణంలో క్రోమోజోములు 48 కావు, 46 అని 1956లో తేలింది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో 21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉంటుందని 1959లో ఫ్రాన్సులో జెరోమ్ లజ్యూన్ బృందం ప్రకటించింది. తాను రోజూ చూస్తున్న పిల్లల జబ్బుకు మూలం క్రోమోజోములో ఉందని తెలిశాక, ఆ క్రోమోజోములను తన కళ్లతో చూడాలన్న కోరిక ఆవిడకు కలిగింది.

భర్త 1961లో ఏడాది పాటు ఆక్స్‌ఫర్డ్ వెళుతుంటే ఆవిడ కూడా శిక్షణ వేతనం సంపాదించుకుని, పిల్లలతో సహా వెళ్లి, అక్కడి చర్చిల్ ఆసుపత్రిలో క్రోమోజోముల పని నేర్చుకున్నారు. తిరిగి వచ్చాక తన పాత గురువు, రక్తవ్యాధుల నిపుణుడు లియాన్ జాకబ్సన్ దగ్గరికి వెళ్లి, ఆక్స్‌ఫర్డ్‌లో మొదలుపెట్టిన పని కొనసాగించుకోవడానికి ఒక మూల, ఒక మైక్రోస్కోపు, పిల్లలను చూసుకునే మనిషికి ఇచ్చుకోగలిగేంత జీతం అడిగారు. ఏడాదికి 5,000 డాలర్ల మీద ఆయన ఒప్పుకున్నారు. అప్పటిదాకా ఏమీ సాధించి చూపించని, పూటపనికి మాత్రమే వస్తానన్న 37 ఏళ్ల స్త్రీకి చోటిచ్చిన ఆ మనిషి పేరును నేను మా మేడమ్ పేరు పక్కన తలచుకుంటాను. ఆయన వైద్యం చేస్తున్న రక్త క్యాన్సర్ రోగుల మజ్జలో క్రోమోజోములు చూడమని ఆయనే పురమాయించారు.

ఆ కాలంలో ఈ పనిలో ఉన్న ఇబ్బంది ఇప్పటివాళ్లకు చెబితే తప్ప తెలియదు. అప్పట్లో రంగు వేస్తే క్రోమోజోము ఆసాంతం ఒకే రంగులో కనిపించేది. అందుకని పొడవును బట్టి గుంపులుగా విడదీసేవారు తప్ప ఇది ఫలానా సంఖ్య క్రోమోజోము అని చెప్పడం చాలావాటి విషయంలో సాధ్యం కాలేదు. ఆరు నుంచి పన్నెండు దాకా అన్నీ ఒకే గుంపు, ఎక్స్ క్రోమోజోము కూడా అందులోనే. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు, క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ రోగుల కణాల్లో అతి చిన్న క్రోమోజోము ఒకటి కనిపెట్టారు. ఊరి పేరుతోనే దానిని ఫిలడెల్ఫియా క్రోమోజోము అన్నారు. చిన్నది కాబట్టి తేలిగ్గా కనిపించింది. అందులోంచి ఒక ముక్క తెగి పోయిందని అందరూ అనుకున్నారు. ఆ తెగిన ముక్క మరెక్కడైనా అతికి ఉన్నా, ఒకేలా కనిపించే ఆ గుంపులో దాన్ని పోల్చుకునే దారి లేకపోయింది.

జానెట్ 1970లో మళ్లీ ఒక ఏడాది ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు. అప్పటికి స్వీడన్‌లో కాస్పర్సన్ అనే శాస్త్రవేత్త క్వినాక్రిన్ అనే మందుతో క్రోమోజోముల మీద వెలుగుచీకట్ల పట్టీలు తెప్పించే పద్ధతి కనిపెట్టి ఉన్నారు. ఆవిడ ఆ పద్ధతి నేర్చుకుని షికాగో వచ్చారు. మన చీరలకు అంచును బట్టి, బుటాను బట్టి ఇది గద్వాల, ఇది వెంకటగిరి అని చెప్పినట్టే, పట్టీల వరుస చూసి ఏ క్రోమోజోముకు ఆ సంఖ్య ఇవ్వడం అప్పటినుంచి వీలైంది.

తర్వాత జరిగింది వాళ్ల ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర. ఫొటోలు ఇంటికి తెచ్చి, క్రోమోజోములు కత్తిరించి, జతలు పేర్చుకుంటూ కూర్చునేవారు. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు ఏడిపించేవారట. ఈ మాట మొదటిసారి చదివిన రోజు నేను పుస్తకం మూసేసి చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను. మా చిన్నవాడు కూడా తన స్నేహితుల దగ్గర మా అమ్మ బొమ్మలు కత్తిరిస్తుందనే చెప్పేవాడు.

ఆ బల్ల మీద 1972లో ఆవిడకు మొదట దొరికింది అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే మరో రక్త క్యాన్సర్ రోగుల్లో జరిగిన మార్పిడి. ఎనిమిదో క్రోమోజోము, 21వ క్రోమోజోము తమ కొసలను ఒకదానితో మరొకటి మార్చుకున్నాయి. ఆ తర్వాత ఫిలడెల్ఫియా క్రోమోజోము ఉన్న రోగుల ఫొటోలు చూస్తుంటే, తొమ్మిదో జతలో ఒక క్రోమోజోము చివర కొంచెం అదనంగా, లేతగా మెరుస్తున్న తోక కనిపించింది. ఒక రోగిలో కనబడితే యాదృచ్ఛికం అనుకోవచ్చు, తర్వాతి రోగిలోనూ అదే, ఆ తర్వాతి రోగిలోనూ అదే. ఫిలడెల్ఫియా క్రోమోజోము అంటే కురచైపోయిన 22వ క్రోమోజోమే. ఆ 22లో ఎంత తగ్గిందో తొమ్మిదిలో సుమారుగా అంతే పెరిగింది. అంటే ముక్క ఎక్కడికీ పోలేదు, చోటు మారింది. పదేళ్లకు పైగా అందరూ పోయిందనుకున్న ముక్క తొమ్మిదో క్రోమోజోము చివర కూర్చుని ఉంది. అప్పటికి ఆవిడ వయసు 47.

ఆ మాటను వెంటనే అందరూ ఒప్పుకోలేదు. క్యాన్సర్ కణాల్లో క్రోమోజోములు చెల్లాచెదురు కావడం జబ్బు వల్ల వచ్చే ఫలితమే కానీ జబ్బుకు కారణం కాదన్నది ఆనాటి పెద్దల గట్టి నమ్మకం. ఆవిడ వాదనకు దిగడం కన్నా మరిన్ని ఫొటోలు కత్తిరించడం మేలనుకున్నారు. 1977లో ప్రోమైలోసైటిక్ లుకేమియా అనే మరో రకంలో 15, 17 క్రోమోజోముల మధ్య మార్పిడి తన సహచరులతో కలిసి చూపించారు. ఒక్కో రకం జబ్బుకు ఒక్కో మార్పిడి కచ్చితంగా కనిపిస్తుంటే కాదనడం కష్టమైంది. ఆ ఏడాదే ఆవిడ పూర్తిస్థాయి ప్రొఫెసర్ అయ్యారు, 52 ఏళ్లకు.

మా చేతుల మీదుగా ఈ పని ఎలా జరిగేదో కూడా చెప్పుకోవాలి. ఆసుపత్రిలో తీసిన మజ్జను గడ్డకట్టకుండా హెపారిన్ కలిపిన గొట్టంలో పోసి, ఐసు ముక్కలున్న థర్మాసులో పెట్టి, రోగి తాలూకు మనిషే మా దగ్గరికి తెచ్చేవారు. దాన్ని పోషకద్రవంలో 37 డిగ్రీల వేడిలో పెంచి, విభజన జరుగుతున్న కణాలు ఉన్నచోటనే ఆగిపోయేలా కాల్చిసీన్ జాతి మందు వేసి, పలచటి ఉప్పునీళ్లలో కణాలను ఉబ్బించి, మూడు వంతుల మిథనాలు, ఒక వంతు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో కడిగేవాళ్లం. ఆ పుల్లటి ఘాటు నా చీర కొంగుకు పట్టి ఇంటిదాకా వచ్చేది. తర్వాత చల్లటి తడి స్లయిడు మీద జానెడు ఎత్తునుంచి ఒక్కొక్క చుక్క వేయాలి. చుక్క సరిగ్గా పడితే క్రోమోజోములు ముగ్గులో చుక్కల్లా విడివిడిగా పరుచుకుంటాయి, లేకపోతే ఒకదాని మీద ఒకటి కుప్ప పడతాయి. స్లయిడును పట్టీలు తెప్పించే ఎంజైము ట్రిప్సిన్‌లో ఎన్ని సెకన్లు ముంచాలన్నది మా మేడమ్ కూడా పుస్తకం చూసి చెప్పేవారు కాదు. వానాకాలం ఒక లెక్క, ఎండాకాలం ఒక లెక్క. ఒక్క రెండు సెకన్లు ఎక్కువైతే పట్టీలు కరిగిపోయి క్రోమోజోములు దూదిపింజల్లా అయ్యేవి. గీమ్సా రంగు వేసి, మైక్రోస్కోపు కింద మంచి కణాన్ని వెతికి పట్టుకుని, ఫిల్ము మీద ఫొటో తీసి, డార్క్‌రూములో ఎర్రదీపం వెలుతురులో కాగితం మీద ముద్ర వేసుకుంటే, అప్పుడు కత్తెర పని మొదలు.

నా అంతట నేను తొమ్మిదో క్రోమోజోము తోకను మొదటిసారి చూసింది 1988 వేసవిలో. థర్మాసు తెచ్చినావిడ నల్గొండ వైపు పల్లెటూరి తల్లి. కొడుకుకు 22 ఏళ్లు, ఎడమవైపు కడుపులో బల్ల పెరిగి బొడ్డుదాకా వచ్చింది. ప్లీహం పెరగడాన్ని మనవాళ్లు బల్ల అంటారు. ఆవిడ గొట్టం నా చేతికిచ్చి వెళ్లిపోకుండా గుమ్మం దగ్గరే నిలబడి, "మా పిలగాడు బతుకుతడా అమ్మా?" అని అడిగింది. పరీక్ష కానిదే చెప్పలేమన్నాను. ఇంట్లో ఫ్యాను కట్టేసి, చెమట కాగితం మీద పడకుండా నుదుటికి తువ్వాలు చుట్టుకుని, ముక్కలన్నీ పేర్చాక 22 దగ్గర ఒకటి చిన్నగా మిగిలింది. వెంటనే తొమ్మిదో జత చూశాను. కుడివైపుది రవ్వంత పొడవుగా ఉంది. జిరాక్సు కాగితంలో చదివినది చదివినట్టే నా కళ్ల ముందు ఉంది. ముందుగా కలిగింది సంతోషమే, ఆ సంగతి దాచను. మరు నిమిషంలో ఆ తల్లి ముఖం గుర్తుకొచ్చి చేతులు చల్లబడ్డాయి. ఎందుకంటే అప్పటికి ఆ జబ్బుకు ఇచ్చే మాత్రలు తెల్లకణాల లెక్క తగ్గించేవే తప్ప జబ్బును ఆపేవి కావు, ఎముక మజ్జ మార్పిడి ఆ కుటుంబానికి అందేది కాదు. ఆ అబ్బాయి నాలుగేళ్లు బతికాడు. చివరి పరీక్షకు కూడా థర్మాసు ఆ తల్లే తెచ్చింది.

మేం ఇక్కడ రిపోర్టులు రాస్తూ ఉండగానే, జానెట్ చూపించిన ఆ రెండు తెగిన చోట్లలో ఏముందో మిగతావాళ్లు వెతికి పట్టుకున్నారు. తొమ్మిది మీద ఉండే ఏబీఎల్ అనే జన్యువు 22 మీద ఉండే బీసీఆర్ అనే జన్యువుతో అతుక్కుంటుందనీ, ఆ అతుకు జన్యువు తయారుచేసే ఎంజైము కణానికి నిరంతరం పెరగమని ఆజ్ఞ ఇస్తూనే ఉంటుందనీ 1980లలో తేలింది. ఆ ఎంజైమును అడ్డుకునే మందు ఇమాటినిబ్. స్విట్జర్లాండ్‌లో మందుల కంపెనీలో నికొలస్ లైడన్ బృందం తయారుచేసిన ఆ అణువును, ఒరెగాన్‌లో వైద్యుడు బ్రయన్ డ్రూకర్ పట్టుదలగా రోగుల దాకా తీసుకువెళ్లారు. 1998లో మనుషుల మీద పరీక్షలు మొదలయ్యాయి. మొదటి పరీక్షలో రోజుకు 300 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలుకు వచ్చింది. 2001 మే నెలలో అమెరికాలో అనుమతి లభించింది. ఆ వార్త మా ల్యాబులో చదువుకున్న రోజు మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

మందు వచ్చింది సరే, నెలకు 1,20,000 రూపాయల దాకా పెట్టి ఎవరు కొనగలరు? ఇక్కడే మన ఊరి పాత్ర కూడా కొంత ఉంది. హైదరాబాదుకే చెందిన నాట్కో కంపెనీ వీనాట్ పేరుతో అదే మందును తయారుచేసింది, దాదాపు పదో వంతు ధరకు. పేటెంటు తగవు ఏళ్ల తరబడి నడిచింది. 2006లో చెన్నై పేటెంటు కార్యాలయం, ఆ మందును అమ్మే స్విట్జర్లాండ్ కంపెనీ నోవార్టిస్ దరఖాస్తును తిరస్కరించింది, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కూడా ఆ తిరస్కారాన్నే ఖాయం చేసింది. ఆ తీర్పు వచ్చేనాటికి మా దగ్గర పరీక్ష చేయించుకుని, రోజూ మాత్ర వేసుకుంటూ ఎనిమిదేళ్లుగా ఆర్టీసీ బస్సు నడుపుతున్న డ్రైవరు ఒకాయన ఉండేవారు. పరీక్షకు వచ్చినప్పుడల్లా తన కూతురి మార్కుల జాబితా తెచ్చి చూపించేవారు. ఆయన చిరునవ్వు చూసిన ప్రతిసారీ 1988 నాటి ఆ అబ్బాయి గుర్తుకు వచ్చేవాడు. మధ్యలో ఉన్న తేడా పదిహేడేళ్లే.

జానెట్‌కు బిరుదులూ బహుమతులూ చాలానే వచ్చాయి. 1998లో ఫిలడెల్ఫియా క్రోమోజోము కనిపెట్టిన నోవెల్, క్యాన్సర్ జన్యుశాస్త్రవేత్త నడ్సన్‌లతో కలిసి వైద్య పరిశోధనకు అమెరికాలో ఇచ్చే లాస్కర్ బహుమతి, 2009లో అధ్యక్షుడు ఒబామా చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్, 2012లో డ్రూకర్, లైడన్‌లతో కలిసి జపాన్ ప్రైజ్. నోబెల్ రాలేదు. రావలసిందని నేను ఈనాటికీ నమ్ముతాను. వీటన్నిటి కన్నా నాకు ఇష్టమైన సంగతి, ఎనభై దాటాక కూడా ఆవిడ సైకిలు తొక్కుకుంటూ పనికి వెళ్లేవారన్నది.

2013 ఫిబ్రవరిలో భర్త డొనాల్డ్ కన్నుమూశారు. ఆ డిసెంబరు 17న, 88 ఏళ్ల వయసులో, అండాశయ క్యాన్సర్‌తో ఆవిడా షికాగోలోని తమ ఇంట్లో వెళ్లిపోయారు. మా ల్యాబులో అప్పటికి కత్తెర లేదు, జిగురు లేదు. కంప్యూటరే జతలు పేరుస్తుంది, ఫిష్, పీసీఆర్ అనే జన్యు పరీక్షలతో ఆ మార్పిడిని నేరుగా పట్టుకుంటున్నాం. ఆ మధ్యాహ్నం కొత్తగా చేరిన పిల్లలను కూర్చోబెట్టి, మేడమ్ నాకిచ్చిన జిరాక్సు కాగితాలు, పసుపెక్కి మడతల దగ్గర చిరిగినవి, వాళ్ల చేతికిచ్చాను.

మరుసటి వేసవిలో, ఉద్యోగం విరమించాక, అలమర సర్దుతుంటే పాత కవరు ఒకటి బయటపడింది. అందులో 1988 నాటి ఆ అబ్బాయి కార్యోటైపు, అంటే క్రోమోజోములను జతలుగా పేర్చి అతికించిన కాగితం, దాని నకలు ఉంది. పేరు లేదు, ల్యాబు నంబరూ, అడుగున పెన్సిలుతో నేను రాసుకున్న తేదీ మాత్రమే ఉన్నాయి. జిగురు ఎండిపోయి కొన్ని ముక్కలు ఊడి కవరు అడుక్కి చేరాయి. వాటిని బల్ల మీద ఒంపుకుని, భూతద్దం పెట్టుకుని, తొమ్మిదో జత కోసం వెతుకుతూ కూర్చున్నాను. సెలవుకు వచ్చిన మా చిన్నవాడు నా ముందున్నవి ఏమిటో గుమ్మంలోంచి చూశాడు. ఏమీ అడగలేదు. వెళ్లి ఫ్యాను కట్టేసి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.